నాన్న ఎడమ మోకాలు, అయిదు కార్లు

యూట్యూబులో కార్ల రివ్యూలు చూసే మన హాస్టల్ మిత్రులకి ముందుగా ఒక మాట. ఆ రివ్యూలు చేసేవాళ్లలో ఒక్కరైనా సాయంత్రం ఆరున్నరకి పంజా సెంటర్ దాటి ఉంటారని నేననుకోను. ఖాళీ హైవే మీద నూట ఇరవైలో పోతూ లేన్ మారుస్తారు, మలుపులో టైర్లు కీచుమనిపిస్తారు, దిగి 'హ్యాండ్లింగ్ అదుర్స్' అంటారు. మా విజయవాడ వన్ టౌన్‌లో ఆ వేళకి కారు నడిచే మనిషికంటే నెమ్మదిగా పోతుంది. కుడి పక్కన ఉల్లిపాయ బస్తాల రిక్షా, ఎడమ పక్కన స్కూటీ మీద నలుగురు, ముందు ఆటో, ఆ ఆటో ముందు ఏముందో అమ్మవారికే తెలుసు. అక్కడ హ్యాండ్లింగ్ అంటే ఏంటి?

నాకీ ప్రశ్న సరదాకి రాలేదు. మా నాన్న టాక్సీ డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. ఈ మార్చిలో ఆయన ఎడమ మోకాలు వాచి, రెండు రోజులు బండి తియ్యలేదు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే లైటుకి పెట్టి, గుజ్జు అరిగిందని చూపించి, రెండు మాటలు చెప్పాడు. మెట్లు తగ్గించు, క్లచ్ తగ్గించు.

మెట్లు తగ్గవు. మా ఇల్లు కొండ మీద. వన్ టౌన్ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: మా వైపు ఇళ్లు కొండకి అతుక్కుని పైపైకి పోతాయి. సందు అనేదే మెట్ల రూపంలో ఉంటుంది. గ్యాస్ బండైనా బీరువా అయినా భుజం మీదే ఎక్కాలి. మాకు 94 మెట్లు. తాతయ్య కట్టిన రెండు గదులు వదిలేసి కింద అద్దెకి దిగే స్థోమత లేదు. కాబట్టి తగ్గించడానికి మిగిలింది క్లచ్ ఒక్కటే. అంటే బండి మార్చాలి. ఏ బండి అన్నది ఎండాకాలం సెలవుల్లో తేల్చే పని నా మీద పడింది. "మెకానికల్ చదువుతున్నావుగా, చెప్పు" అంది అమ్మ. మన సిలబస్ మీద అమ్మకున్నంత నమ్మకం నాకు లేదు గానీ, ఒక నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరాను.

పద్ధతి ఒకటే. దొరికిన ప్రతి కారునీ ఒకే దారిలో నడపడం, పక్క సీట్లో నాన్న. నెహ్రూ బొమ్మ సెంటర్ నుంచి పంజా సెంటర్, అక్కణ్ణుంచి కాళేశ్వరరావు మార్కెట్, తర్వాత కృష్ణ ఒడ్డుకొచ్చి దుర్గ ఫ్లైఓవర్ ఎక్కి భవానీపురంలో దిగడం, చిట్టినగర్ సొరంగం గుండా వెనక్కి. వీలైతే ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు కూడా. ఈ దారిలో అన్నీ ఉన్నాయి. ఇరుకు, ఎక్కుడు, మలుపు, కాస్త స్పీడు. ఇంకో పని కూడా చేశాను. అమ్మ వంటింట్లో పిండి తూచే డిజిటల్ కాటాని షూకీ క్లచ్ పెడల్‌కీ మధ్య పెట్టి, క్లచ్ పూర్తిగా దిగడానికి ఎన్ని కేజీలు నొక్కాలో చూశాను. ల్యాబ్‌లో ఒప్పుకోరు, మాకు సరిపోయింది.

మొదటిది అంబాసిడర్. నాన్న క్లీనరుగా చేరి డ్రైవింగ్ నేర్చుకున్న గురువుగారి డీజిల్ బండి, ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఉంటుంది. పెళ్లిళ్లకి పూలు కట్టుకుని వెళ్తుంది, మిగతా రోజులు రిటైరు. కాటా పెట్టగానే అంకెలు పోయి గీతలు కనిపించాయి. దాని కెపాసిటీ పది కేజీలే మరి. "ఏమ్మాయ్, పిండి ఎక్కువైందా?" అని నవ్వారు గురువుగారు.

ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని తెచ్చి, 1957 నుంచి 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపారాలో చేసిన బండి ఇది. గేరు రాడ్డు కింద కాదు, స్టీరింగ్ కిందే ఎడం పక్కన ఉంటుంది. పవర్ స్టీరింగ్ లేదు. ఆగి ఉన్నప్పుడు తిప్పబోతే చక్రం నాతో పోట్లాడింది. "నిలబెట్టి తిప్పకు తల్లీ, కదిలించి తిప్పు" అన్నాడు నాన్న. ఇది మనం చదువుకున్నదే. ఆగి ఉన్న టైరుని తిప్పితే రబ్బరు రోడ్డుని రాసుకుంటుంది. ఆ రాపిడంతా మన భుజం మొయ్యాలి. అంగుళం దొర్లినా చాలు, బరువు సగం దిగుతుంది. స్టీరింగ్ చక్రం పళ్లెమంత పెద్దగా ఎందుకుందో అప్పుడర్థమైంది. మోటారు లేని రోజుల్లో బలం ఇచ్చేది చక్రం సైజే.

వెనక కమాన్ కట్టలు. గోతిలో పడితే దభీమనదు, ఊగి లేస్తుంది. ఆ ఊపు ఆగేలోపు ఇంకో గొయ్యి వస్తుంది. ఫ్లైఓవర్ మలుపులో యాభై దాటేసరికి మొత్తం బండి పక్కకి ఒరిగింది. పడవలో ఉన్నట్టుంది. ఒక చిత్రం చెప్తాను. దీని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2,464 మిల్లీమీటర్లు. నాన్న డిజైర్‌కి 2,450. తేడా మీ చిటికెన వేలంత కూడా లేదు. నడిపితే మాత్రం ఒకటి పడవ, ఒకటి సైకిలు. కొలతలు చూసి కారుని ఊహించుకునే మిత్రులు ఇది గుర్తుంచుకోవాలి.

ఘాట్ రోడ్డు మీద అంబాసిడర్ గొప్పదనం బయటపడింది. ఎక్కుడులో బరువు వెనక్కి జరుగుతుంది. ఇంజిన్ తోసేదీ వెనక చక్రాలనే. కాబట్టి ఎంత లోడు వేస్తే అంత పట్టు. ఓం టర్నింగ్ దగ్గర నెమ్మదిగా, గేదెలా, ఎక్కడా జారకుండా తిరిగింది. నాన్న కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఇంత బరువు క్లచ్‌తో అప్పట్లో మోకాలు ఎలా ఆగిందని అడిగితే, "అప్పుడు పంజా సెంటర్లో ఇన్నిసార్లు తొక్కే పనేదీ? మూడో గేర్లో వచ్చి మూడో గేర్లో పోయేవాళ్లం" అన్నాడు. అంటే అరిగించింది క్లచ్ బరువు కాదు, లెక్క.

ఆ లెక్క వేశాను. ఒక శనివారం సాయంత్రం నాన్న డిజైర్‌లో పంజా సెంటర్ నుంచి కాళేశ్వరరావు మార్కెట్ దాకా. కిలోమీటరు కూడా ఉండదు. 61 సార్లు క్లచ్ తొక్కాడు. కాటా ప్రకారం ఒక్కోసారి తొమ్మిది కేజీలు. గుణిస్తే 549. మా మార్కెట్ భాషలో చెప్పాలంటే ఒక్క ట్రిప్పుకి అయిదున్నర క్వింటాళ్లు ఎడమ కాలితో దించుతున్నాడు. దించాక 94 మెట్లు ఎక్కుతున్నాడు.

మారుతి 800 గురించి క్లుప్తంగా రాద్దామనుకున్నాను, కుదరట్లేదు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే, మా పేటలోని డ్రైవింగ్ స్కూల్ బండి. మొదటి కారు తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. ఇది కూడా 2014లోనే ఆగిపోయింది. అంబాసిడరూ ఇదీ ఒకే ఏడాది కన్నుమూశాయన్నమాట. 796 సీసీ, మూడు సిలిండర్లు, బరువు దాదాపు 650 కేజీలు. అంత తేలికైన బండికి పవర్ స్టీరింగ్ ఎందుకు? సన్నటి టైర్లు, 4.4 మీటర్ల టర్నింగ్ రేడియస్. స్విఫ్ట్‌కి 4.8. ఆ నలభై సెంటీమీటర్ల విలువ బ్రాహ్మణ వీధిలో ఎదురుగా సరుకు వ్యాను వచ్చినప్పుడు తెలుస్తుంది.

స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య మోటారు లేదు కాబట్టి రోడ్డు మీద ఏముందో చేతికి తెలిసిపోతుంది. మార్కెట్ ముందు తొక్కింది అరటి తొక్కా, కొబ్బరి పీచా అన్నది చూడకుండా చెప్పొచ్చు (దాదాపు). బానెట్ ఎక్కడ అయిపోతుందో సీట్లోంచి కనిపిస్తుంది. క్లచ్ ఏడు కేజీలు. వన్ టౌన్ కోసమే ఎవరో గీసినట్టుంటుంది. ఈ అయిదింటిలో నడపడానికి నాకు బాగా నచ్చింది ఏదంటే ఇదే. ఎవరైనా వాదనకి వస్తే నేను రెడీ. కానీ ఫ్లైఓవర్ మీద పక్కనుంచి లారీ పోతే ఆ గాలికి బండి వణుకుతుంది. నలుగురు మనుషులు ఎక్కితే సూట్‌కేసులకి చోటుండదు. ఏసీ వేస్తే ఎక్కుడులో ఇంజిన్ నీరసపడుతుంది. గన్నవరం ఎయిర్‌పోర్టు బేరానికి 800 తీసుకెళ్తే ఎక్కేదెవరు? మనసుకి నచ్చిన బండి వేరు, అన్నం పెట్టే బండి వేరు.

అన్నం పెడుతున్నది డిజైర్. సీఎన్‌జీ. దీని స్టీరింగ్‌లో ఎలక్ట్రిక్ మోటారు ఉంది. మనం చక్రం మీద ఎంత బలం పెడుతున్నామో ఒక సెన్సారు చూసి, మిగతాది మోటారు కలుపుతుంది. పార్కింగ్‌లో వెన్నలా తిరుగుతుంది, వేగం పెరిగితే గట్టిపడుతుంది. సుఖమే. అరటి తొక్క, కొబ్బరి పీచు తేడా మాత్రం పోయింది. డిక్కీలో గ్యాస్ సిలిండరు ఉంటుంది కదా, ఆ బరువు వెనక ఇరుసు దగ్గర పడుతుంది. ముగ్గురు వెనక కూర్చుంటే ముక్కు కాస్త లేస్తుంది. ముందు చక్రాలతో నడిచే ఏ బండైనా అంతే. ఎక్కుడులో లాగే చక్రాల మీదే బరువు తగ్గుతుంది. వానలో ఓం టర్నింగ్ దగ్గర టైరు ఒక్క క్షణం ఉత్తినే తిరిగిన సందర్భాలున్నాయి. అక్కడ నాన్న చేసే పని చూడాలి. యాక్సిలరేటర్ పెంచడు. హాఫ్ క్లచ్‌లో, పాదం వేళ్లతో, గోరంత గోరంత వదులుతాడు. బండి చిన్నపిల్లలా మాట విని ఎక్కుతుంది. స్టేషన్ దగ్గర స్టాండులో ఆయనకున్న పేరంతా ఆ పాదం మీదే. రెండు కార్ల మధ్య అరచెయ్యి పట్టని సందులోంచి బండి బయటికి తియ్యాలంటే పక్కవాళ్లు కూడా తాళాలు నాన్నకే ఇస్తారు.

ఇది నాకు ఆలస్యంగా తట్టింది. మేం మార్చమంటున్నది బండిని అనుకుంటున్నాం. ఆయన విద్య ఉన్నదే ఆ ఎడమ కాల్లో.

నాలుగోది మావయ్య నెక్సాన్ ఈవీ, 2020లో వచ్చిన మొదటి రకం. తాడేపల్లి నుంచి ప్రకాశం బ్యారేజీ దాటించి తెచ్చాం. బరువు 1,400 కేజీలు. అందులో పెద్ద వాటా నేల కింద పరిచిన బ్యాటరీది. బరువు ఎంత కిందకి ఉంటే మలుపులో బండి అంత తక్కువ ఒరుగుతుందని పుస్తకంలో చదివాం. ఫ్లైఓవర్ మీద చూశాను. అంబాసిడర్ పడవలా ఒరిగిన అదే మలుపులో ఇది పట్టాల మీద పోయినట్టు పోయింది. గేర్లు లేవు, క్లచ్ లేదు, కాలు తీస్తే మోటారే వేగం తగ్గిస్తూ ఆ కరెంటుని తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. ఘాట్ దిగుతుంటే బ్రేకు తొక్కిన సందర్భాలు నాలుగైదే.

వన్ టౌన్‌లో దీనికి రెండు చిక్కులు. ఒకటి వెడల్పు. 1,811 మిల్లీమీటర్లు, డిజైర్ 1,735. మూడంగుళాలంటే ఏముందని అనుకోకండి. మా సందుల్లో మూడంగుళాలకి గొడవలై పెద్దమనుషుల దాకా వెళ్లినవి ఉన్నాయి. రెండోది చప్పుడు లేకపోవడం. వెనకొచ్చి నిలబడినా ఎవరూ పక్కకి జరగరు. డీజిల్ బండి డ్రైవరుకి ఇంజినే సగం హారన్.

నాన్నని ఎలా ఉందని అడిగాను. "ఫ్యాన్ కింద పడుకున్నట్టుంది" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. కాసేపాగి "పడుకుని డ్రైవింగ్ ఎట్టా చేస్తాం?" అన్నాడు.

నిజానికి ఈవీని పక్కన పెట్టింది నాన్న అభిప్రాయం కాదు, మళ్లీ ఆ మెట్లే. మా బండి రాత్రి కింద రోడ్డు పక్కన పడుకుంటుంది. కొండ మీదున్న ఇంటి మీటరు నుంచి 94 మెట్ల కిందకి వైరు ఎలా లాగుతాం? ఛార్జింగ్ స్టేషన్‌లో గంటలు కూర్చుంటే బేరాలు పోతాయి. దానికి తోడు 2024 సెప్టెంబరు. బుడమేరు పొంగి సింగ్‌నగర్, చిట్టినగర్ వైపు మునిగి, బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన ఆ రోజుల్లో స్టాండులోని ఎన్ని బండ్లు అద్దాల దాకా నీళ్లలో ఉన్నాయో నాన్న చూశాడు. ఈవీ బ్యాటరీకి నీళ్లు చొరబడకుండా సీలు ఉంటుందని చెప్పాను. పెట్రోలు ఇంజిన్ అయినా నీళ్లు పీలిస్తే ఖతమే అని కూడా చెప్పాను. విన్నాడు. విని, "పెట్రోలు బండైతే ఆటోనగర్‌లో విప్పుతారు. దీన్ని విప్పేదెవరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మన బ్యాచ్‌లో ఎవరైనా ఆ పని మీద ఆటోనగర్‌లో షెడ్డు పెడితే మొదటి కస్టమర్లని నేను పంపిస్తా.

మిగిలింది టిగోర్ సీఎన్‌జీ ఏఎంటీ. సీఎన్‌జీ బండికి ఆటోమేటిక్ గేర్లు మన దేశంలో 2024 ఫిబ్రవరిలో టాటా వాళ్లు తెచ్చేదాకా లేవు. ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పడుకోబెట్టారు. సూట్‌కేసులకి చోటు మిగులుతుంది, బరువూ కిందకి దిగుతుంది. ఏఎంటీ అంటే మనవాళ్లు చాలామంది అనుకునేట్టు వేరే రకం గేర్‌బాక్స్ కాదు. లోపల అదే గేర్లు, అదే క్లచ్. తొక్కే పని, మార్చే పని మాత్రం మనిషి బదులు యాక్చువేటర్లు చేస్తాయి.

టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్ కుర్రాడు రింగ్ రోడ్డు మీదకి తీసుకెళ్లబోయాడు. వన్ టౌన్‌కి పోదామన్నాడు నాన్న. "అక్కడ ట్రాఫిక్ సార్, బండి ఫీల్ తెలీదు" అన్నాడు ఆ అబ్బాయి. "రింగ్ రోడ్డు మీద ఎడ్లబండి కూడా బాగానే పోద్ది బాబూ, ఇటు తిప్పు" అన్నాడు నాన్న.

ఈసారి నడిపింది నాన్నే. బ్రేకు వదిలితే బండి దానంతటదే మెల్లగా పాకింది. పంజా సెంటర్ నుంచి మార్కెట్ దాకా క్లచ్ లెక్క సున్నా. నేను బ్రేకు కూడా లెక్కపెట్టాను. డిజైర్‌లో 38, ఇందులో 52. హాఫ్ క్లచ్‌తో ఆపి ఉంచే పని బ్రేకుకి మారింది కదా, అందుకని. అంటే భారం మాయమైపోలేదు, కొంత కుడి కాలికి వెళ్లింది. బ్రేకుకి బూస్టర్ ఉంటుంది కాబట్టి అది తేలికే, ఫర్వాలేదని తర్వాత డాక్టరు అన్నాడు. రెండుసార్లు నాన్న ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెళ్లి వెడల్పాటి బ్రేకు పెడల్ మీద పడింది. ముగ్గురం ముందుకి తూలాం. షోరూమ్ కుర్రాడు వెనక సీట్లో దణ్ణం పెట్టుకోవడం అద్దంలో చూశాను.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు మారే ముందు ఒక్క క్షణం బండి ఊపిరి బిగబట్టినట్టు ఆగి, తల ఊపి, మళ్లీ లాగింది. ఏఎంటీలన్నిటికీ ఉండే గుణమే. నాన్నకి అది నచ్చలేదు. "ఈ మధ్యలో బండి ఎవరిదీ కాదు" అన్నాడు. నేను మూడేళ్లలో విన్న గేర్‌బాక్స్ లెక్చర్లన్నిట్లో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. గేరు మారే ఆ ఖాళీలో చక్రాలకి ఇంజిన్ బలం అందదు. మామూలు గేరులో కూడా ఆ ఖాళీ ఉంటుంది. కాకపోతే అక్కడ దాన్ని నింపేది తన కాలు.

ఆ రాత్రి ఇంట్లో చర్చ జరిగింది. డిజైర్ ఇంకో రెండేళ్లు తోలతానన్నాడు నాన్న. అరిగిందేదో అరిగిందన్నాడు. నా నోట్‌బుక్ తెరిచి 61, తొమ్మిది కేజీలు, అయిదున్నర క్వింటాళ్లు అని చదివి వినిపించాను. "లెక్కలు బాగున్నాయి. ఓం టర్నింగ్‌లో గోరంత వదలాలంటే ఆ మిషన్‌కి తెలుస్తదా?" అన్నాడు. తెలియదు. నీకు తెలిసినంత తెలియదు, కానీ పదింట్లో తొమ్మిదిసార్లు ఎక్కేస్తుంది అన్నాను. ఆ పదోసారి గురించే నేను అడిగేది అన్నాడు. అమ్మ గిన్నెలు సర్దుతూ, "పదోసారి నువ్వు దిగి కొండెక్కాలి కదా, దానికి కాలుండాలి" అంది. ఇంకెవరం ఏమీ మాట్లాడలేదు.

వారం తర్వాత తనే వెళ్లి అడ్వాన్సు కట్టొచ్చాడు. డిజైర్‌ని స్టాండులోనే ఒకాయన అడిగాడు. దసరా రద్దీ బేరాలు పాత బండితోనే తోలి, ఆ తర్వాత ఇస్తానని మాట్లాడుకున్నాడు.

మొన్న ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది. రాత్రిళ్లు బండి ఆపేశాక వెంటనే పైకి రావట్లేదట. ఇంజిన్ ఆపి, ఎడమ కాలు సీటు కిందకి మడుచుకుని, కుడి పాదం ఒక్కటే బ్రేకు మీదకీ యాక్సిలరేటర్ మీదకీ మారుస్తూ చీకట్లో పావుగంట కూర్చుంటున్నాడట. ఎదురుగా టీకొట్టు అబ్బాయి చూసి, "ఏం బాబాయ్, బండి స్టార్టవట్లేదా, తొయ్యమంటావా?" అని అడిగాడట.